ప్రసాదమును బలవంతముగ తినిపింపవచ్చునా?

వీరశైవ గృహమున వండుట, వడ్డించుట, తినుట అనునవి మూడు వేర్వేరు పనులు కావు. వండిన పదార్థము లింగార్పితమై ప్రసాదమగును. అష్టావరణములలో ప్రసాదమునకు స్థానమిచ్చిన ధర్మమున విస్తరిలో మెతుకు విడుచుట చిన్న దోషముగ ఎంచబడదు. శరణుల యిండ్లలో ఒక ధర్మసందేహము దినదినమును పుట్టుచుండుటకు ఈ నియమమే కారణము.

తిరువూరు వంటి పట్టణమున ఏ యింటనైనను రాత్రి భోజనవేళ దీనిని చూడవచ్చును. పప్పులోని తోటకూరను వేలితో ఏరి కంచము అంచునకు చేర్చు బాలుడొకడు. బెండకాయ జిగురని ముఖము త్రిప్పుకొను బాలిక యొకతె. కాకరకాయ పేరు వినినంతనే లేచిపోవు వాడు మరియొకడు. ముద్దపప్పు, ఆవకాయ, పెరుగు, వేయించిన బంగాళాదుంప, ఇవియే వారికి భోజనము. తండ్రి కన్నెఱ్ఱజేయును. “ప్రసాదంరా! వదిలితే పాపం. తిను!” అని గద్దించును. బిడ్డ కన్నీటితో మ్రింగును. ధర్మమును కాపాడితినని తండ్రి తలచును. కాపాడబడినది ధర్మమేనా?

షట్స్థల సిద్ధాంతము అర్పణమును మూడు విధములుగ చెప్పినది. పదార్థము యొక్క రూపమును ఇష్టలింగమునకు, రుచిని ప్రాణలింగమునకు, తృప్తిని భావలింగమునకు అర్పింపవలెను. కరస్థలమందలి లింగమునకు చూపినంత మాత్రమున అర్పణము ముగియదు. నాలుకపై పుట్టు రుచియు, తిన్న పిమ్మట కలుగు తృప్తియు అర్పింపబడవలసియే యున్నవి. భయముతో మ్రింగిన ముద్దలో రుచి యెక్కడ? తృప్తి యెక్కడ? రూపమొక్కటియే కడుపులోనికి పోయినది. ప్రసాదమను పదమునకు ప్రసన్నతయే మూలార్థము. భక్త, మహేశ స్థలముల పిదప చెప్పబడిన ప్రసాది, లభించినదానిని ప్రసన్నచిత్తముతో స్వీకరింప నేర్చినవాడు. ఏడ్చుచు మ్రింగు బిడ్డ ప్రసాది కాడు. మ్రింగించిన తండ్రియు కాడు.

అట్లైన బిడ్డ కోరినదే పెట్టవలెనా, రుచియే ప్రధానము గదా, అని కొందరందురు. రుచి పుట్టుకతో వచ్చి మారక నిలుచునను భ్రమ ఈ వాదమునకు మూలము. తీపిని కోరుట, చేదును ఉమియుట శిశువునకు సహజమే. రెండవ యేటినుండి ఆరవ యేటివరకు క్రొత్త పదార్థమును శంకించుటయు సహజమే. కాని నేడు కాకరకాయ పులుసుకొరకు ఎదురుచూచు తాత ఒకనాడు దానిని ఉమిసినవాడే! రుచి పరిచయముచే పెరుగును. ఒక కూరను బిడ్డ అంగీకరించుటకు ముందు ఎనిమిది మొదలు పదిహేను పర్యాయములు రుచి చూడవలసి యుండవచ్చునని పోషణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తల్లిదండ్రులలో పెక్కుమంది మూడు నాలుగు పర్యాయములకే విసిగి “వీడు తినడు” అని ముద్రవేయుదురు. ఆ ముద్ర చెవినిపడిన పిమ్మట దానిని నిలువబెట్టుకొనుటయే బిడ్డకు పని యగును.

ఊరకుండుటకు వీలులేని కారణము మరియొకటి కలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత కనబడినది. దీనికి హేతువులు పెక్కు. ఆకుకూర ఒక్కటియే మందు కాదు. అయినను మాంసము ముట్టని కుటుంబమున ఇనుము వంటి పోషకములు అధికభాగము ధాన్యములనుండి, పప్పులనుండి, ఆకుకూరలనుండి, కాయగూరలనుండియే రావలెను. శాకాహారమును వ్రతముగ చెప్పుకొనుచు శాకములనే తినకుండుట వింత గదా!

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి కథ ఇచట స్మరింపదగినది. శివునకు తల్లి లేదని దుఃఖించి, తానే తల్లియై, ఆమె శివుని శిశువుగ భావించి పాలిచ్చి పెంచినది. ఆమె ప్రేమను పరీక్షింపగోరి శివుడు అంగిటిముల్లు తగిలిన బిడ్డవలె పాలు మ్రింగడాయెను. ఆ తల్లి కోపింపలేదు, బిడ్డకేమైనదోయని తల్లడిల్లినది. తినని బిడ్డ యెదుట తల్లిదండ్రులు మొదట అడుగవలసినది అదియే. పన్ను కదలుచున్నదా? గొంతు నొప్పియా? కూరలో కారము హెచ్చినదా? సాయంకాలము కొన్న చిప్సు పొట్లముతో ఆకలి చచ్చినదా? మొండితనమని నిర్ణయించుట చిట్టచివర జరుగవలసిన పని.

“కూర తింటే మిఠాయి ఇస్తాను” అనుట పలువురకు అలవాటు. 1984లో అమెరికాలో లియాన్ బర్చ్ అను శాస్త్రజ్ఞురాలు సహచరులతో కలిసి ప్రకటించిన పరిశోధనలో, బహుమానమునకై త్రాగిన పులిసిన పాల పానీయముపై పిల్లలకు ఇష్టము తగ్గినట్లు తేలినది. మిఠాయి చూపినచో కూర శిక్షయని ఒప్పుకొన్నట్లే! ఇక ఆకుకూరను రుబ్బి దోసెల పిండిలో కలుపుట తప్పు కాదు. బిడ్డ అడిగినప్పుడు “అందులో ఏమీ లేదు” అనుటయే తప్పు. శివునకు పాలు త్రాగింపుమన్న తండ్రి మాటను అక్షరాల నమ్మిన బాలిక గొడగూచి కథయు ఆ పురాణమందే కలదు. బిడ్డలు పెద్దల మాటను అంతగా నమ్ముదురు. అబద్ధమాడరాదన్న బసవేశ్వరుని ఉపదేశము వంటయింటికి వర్తింపదని ఎవరు చెప్పిరి?

మఠములందు పంక్తిలో కూర్చున్నవాడు విస్తరిపై చేయి అడ్డుపెట్టి “చాలు” అనును. అట్లనుట దోషము కాదు. వడ్డించుకొన్నది విడుచుట దోషము. విడువరాదను నియమమునకు చాలుననుటకు స్వేచ్ఛ జతగ నున్నది. ఇంట బిడ్డకు మాత్రము గరిటెనిండ వడ్డించి, చాలనుటకు అవకాశమీయక, విడువరాదందురు. సగము నియమమును మాత్రమే బిడ్డపై మోపుట న్యాయము కాదు. ఉసిరికాయంత కూర వడ్డించి, కావలెనన్న మరల వడ్డించుట మేలు. ఆ పాటి కూరను రుచి చూచి బిడ్డ చాలన్నచో ఆ పూటకు అంతియే. రేపు మరల అంతే వడ్డింపవలెను. నిన్నటి మాట యెత్తరాదు.

పంక్తికి మరియొక బలము కలదు. ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజనమున ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 50 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల బిడ్డకు 75 గ్రాములు కూరగాయలు నిర్ణయింపబడినవి. ఇంట ముట్టని కూరను తోడివారి ప్రక్కన కూర్చుండి తిను బిడ్డలు ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. ఇంటిలోనో, బిడ్డకు ముందు పెట్టి, తండ్రికి టెలివిజను ముందర పెట్టి, తల్లి కడపట ఒంటరిగ తినును. ఎవరిని చూచి బిడ్డ నేర్చుకొనవలెను? అందరును కూర్చున్నచోటను తండ్రి బీరకాయ ముక్కలను ప్రక్కకు నెట్టుచున్నచో ఆ పాఠమే బిడ్డకు పట్టుబడును.

కాయకమును బిడ్డలకు దూరము చేయరాదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీసిన చేయి, పెరటిలో బచ్చలితీగకు నీరు పోసిన చేయి ఆ కూరను అంత తేలికగ త్రోయదు. తిరువూరు ప్రాంతమున మామిడితోటలు మెండు. పచ్చికాయల ఋతువున తోటకూర పప్పులో మామిడి ముక్కలు వేసినచో ఆ పులుపు తోడుగ ఆకుకూరయు గొంతు దిగును. కాయ తెచ్చు పని బిడ్డకే అప్పగింపవచ్చును.

ఇంత చేసినను కంచములో కొంత మిగులు దినములుండును. తరతరములుగ ఆ మిగులు తల్లి పాలికి వచ్చుచున్నది. హెచ్చు వడ్డించినది తండ్రియైన ఆ దినము తండ్రియే దానిని తినవలెను, అవ్వయైన అవ్వయే తినవలెను. అట్లు వారము దినములు జరిగినచో గరిటె కొలత దానంతట అదియే కుదురును.