ఖబూల్ ఏ భాషలో?

మా ఇంట్లో పెళ్లి కుదిరాక మొదటి తగాదా కట్నం దగ్గర రాలేదు. చోటు దగ్గర వచ్చింది.

అమ్మాయి మా మేనకోడలు. ఒంగోల్లోనే పుట్టింది. చదివింది తెలుగు మీడియం, ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అబ్బాయి అద్దంకి వైపు నూర్‌బాషా. వాళ్ల తాత విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకినవాడు. ఈ పత్తి నేలలో ఎవరింటి పరుపు వాళ్ల చేతి మీదుగా రాలేదు గనక? ఆ ఇంట్లో నమాజు ఉంది, రోజా ఉంది. ఉర్దూ మాత్రం లేదు. ఆ ఒక్కదానికే మావాళ్లు తరతరాలుగా వాళ్లని ఎడంగా కూర్చోబెట్టారు. సర్కారు కూడా మమ్మల్ని రెండు వేరు పేజీల్లో రాసింది. దూదేకులవాళ్లు బి.సి. ‘బి’లో, షేకులూ మరికొందరూ 2007లో వచ్చిన బి.సి. ‘ఇ’లో. సర్కారు గీసిన గీత ఉద్యోగాల దగ్గర. మేం గీసుకున్న గీత పిల్లనిచ్చే దగ్గర.

చోటు మీద తలా ఒక మాట అన్నారు. మసీదులో చేద్దామన్నాడు అమ్మాయి అన్న. నిఖాని నలుగురికీ తెలిసేలా చెయ్యండి, మసీదులో జరపండి అన్న అర్థం వచ్చే హదీసు తిర్మిజీలో ఉంది. అది బలహీనమైన హదీసన్న పండితులూ ఉన్నారు. అదెలా ఉన్నా మసీదులో ఆడంబరం ఉండదు, అది మంచిదే. కానీ మా వీధి మసీదులో ఆడవాళ్లకి చోటు లేదు. పెళ్లికూతురికి చోటు లేని చోట పెళ్లా?

మా సెక్యులర్ మిత్రులు రిజిస్ట్రారాఫీసు చూపించారు. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది గదా, ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, అంతే గదా అన్నారు. వాళ్ల మాటలో ప్రేమ ఉంది. కాదనం. కానీ వాళ్లిళ్లలో తాళి కడితే అది సంప్రదాయమవుతుంది, మా ఇంట్లో నిఖా చదివితే అది మతమవుతుంది. ఈ లెక్క మాకెప్పుడూ అర్థం కాలేదు.

అబ్బాయి వాళ్లమ్మ పెద్ద కల్యాణమండపం కావాలంది.

ఇంతమందిమి మాట్లాడాం గానీ అమ్మాయినెవరం అడగలేదు. చివరికి ఆ పిల్లే అంది: ‘‘మామూ, చోటు సంగతి తర్వాత. నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి, నా మాట వకీలు చేతికిచ్చి బయటికి పంపొద్దు. ఆయన్నీ నన్నూ ఒకే షామియానా కింద అడగండి. ఆయనకి అర్థమయ్యే భాషలో అడగండి.’’

మేం ఒక్క క్షణం మాట్లాడలేకపోయాం. ఇన్నేళ్లుగా ఎన్ని నిఖాల్లో గవాలుగా సంతకాలు పెట్టాం! లోపలి గదిలోంచి వచ్చిన ‘హాఁ’ నిజంగా ఆ పిల్లదేనా అని ఎన్నిసార్లు అడిగాం?

నిఖా ఒక ఒప్పందం. ఒకరు అడగాలి, ఒకరు ఒప్పుకోవాలి, ఇద్దరు సాక్షులు వినాలి. మహర్ అమ్మాయి హక్కు. ఖుతుబా చదవడం సున్నతే గానీ, అది లేకపోతే నిఖా చెల్లదని కాదు. ఒప్పుకోవడం అరబీలోనే ఉండాలనీ, ఉర్దూలోనే ఉండాలనీ షరతు లేదు. ఖాజీ తప్పనిసరి కూడా కాదు. తెల్లవాళ్లు 1880లో చేసిన ఖాజీల చట్టంలో సైతం, ఈ చట్టం వచ్చిందని నిఖాకి ఖాజీ ఉండితీరాలని అర్థం చేసుకోవద్దని రాసి ఉంది. ఇంత తేలికైనదాన్ని ఇంత బరువు చేసిందెవరు?

ఈ ప్రశ్నని ఈ ప్రాంతంలో ఇదివరకే ఒకాయన తన వైపునుంచి వేశాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943) తెనాలిలో ఉంటూ, సంస్కృత మంత్రాలకి బదులు తెలుగులో ‘వివాహ విధి’ రాశాడు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనిదే. తర్వాత కమ్యూనిస్టుల ఇళ్లల్లో దండల పెళ్లిళ్లు వచ్చాయి. 1948లో గోరా కూతురు మనోరమకీ, దళితుడైన అర్జునరావుకీ సేవాగ్రాంలో పెళ్లి జరిగింది. వాళ్లు పురోహితుణ్ణి తీసెయ్యడానికి పోట్లాడాల్సి వచ్చింది. మా శాస్త్రంలో పురోహితుడే లేడు. మేమే తెచ్చిపెట్టుకున్నాం. అర్థంకాని భాషని కూడా మేమే తెచ్చిపెట్టుకుని, అది రానివాణ్ణి తక్కువవాడన్నాం.

అంతా తేలిపోయిందనుకుని అబ్బాయి ఇంటికి వెళ్లాం. వీధిలో షామియానా వేద్దాం, కట్నం వద్దు, మహర్ అక్కడికక్కడే ఇద్దాం, ఖర్చు తగ్గిద్దాం అని గొప్పగా చెప్పాం. వాళ్లమ్మ అంతా విని అంది: ‘‘మీ పెళ్లిళ్లకి మమ్మల్ని ఎప్పుడన్నా మంటపంలోకి పిలిచారా అన్నా? పరుపులు కుట్టడానికి పిలిచారు. ఇప్పుడు మా వంతు వచ్చేసరికి వీధి చాలంటున్నారా?’’

మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. నిరాడంబరత గొప్పదే. కానీ ఇదివరకే గౌరవం దక్కినవాడికి అది సులువు. నలుగురిలో కూర్చోనియ్యని వాళ్లకి మండపం దుబారా కాదు, లెక్కలో చేరడం. మన ఆదర్శం ఖరీదు ఎదుటివాళ్ల చేత కట్టించడం న్యాయమా? అలాగని ఆమె గాయం మానడానికి మా పిల్ల మాట మళ్లీ లోపలి గదిలోకి పోవాలా?

రెండూ కుదరవనుకున్నాం. కానీ రెండూ ఒకే కోరిక. నేనూ మనిషినే, నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడండి అన్నదే ఇద్దరి మాటా. ఆ సంగతి ముందు అమ్మాయికి తెలిసింది, మాకు కాదు. తనే వెళ్లి ఆమెతో మాట్లాడింది. నిఖా వీధిలో, వలీమా మండపంలో అని తేల్చుకున్నారు. వలీమా అబ్బాయివాళ్ల తాహతును బట్టి, వాళ్ల చేతి మీదుగా జరగాలనుకున్నారు.

ఖాజీగారు మొదట సందేహించారు. తర్వాత ఖుతుబా అరబీలో చదివి, దాని భావం తెలుగులో చెప్పారు. షామియానా కింద ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. వెనక కుర్చీల్లో మా పక్కింటి రెడ్డిగారూ, పొగాకు గ్రేడింగు పనికి పోయే ఆడవాళ్లూ. ప్రశ్న ఇద్దర్నీ తెలుగులోనే అడిగారు. అమ్మాయి ‘ఒప్పుకున్నాను’ అంది, అందరికీ వినపడేలా. అబ్బాయి వారం రోజులు నేర్చుకున్నాడట, ‘ఖబూల్ హై’ అన్నాడు. ఖ పలకలేదు. ఎవరూ నవ్వలేదు.

వలీమాకి మా పెద్దల్లో ముగ్గురు రాలేదు. కారణం చెప్పలేదు, మేం అడగలేదు. వెళ్లినవాళ్లం మాత్రం ఆ మండపంలో ఆ తల్లి వడ్డిస్తుండగా ఒకే వరసలో కూర్చుని తిన్నాం. ఒకే కలిమా చదివేవాళ్లం అలా కలిసి కూర్చోడానికి ఎన్ని తరాలు పట్టిందో లెక్కేస్తే, అన్నం ముద్ద దిగడం కష్టమే అయింది.