అణిమాండవ్యుని ప్రశ్న

మహాభారతము ఆదిపర్వములో మాండవ్యుని కథ యొకటి కలదు. ఆశ్రమద్వారమున చెట్టుక్రింద చేతులెత్తి మౌనవ్రతము పూని నిలిచిన ఆ మునిని, దొంగలను తరుముకొని వచ్చిన రాజభటులు వారెటుపోయిరని అడిగిరి. వ్రతభంగమునకు వెఱచి ఆయన పలుకలేదు. వెదకగా దొంగలును సొమ్మును ఆ ఆశ్రమములోనే దొరకుటచేత, పలుకకపోవుటయే నేరమునకు సాక్ష్యమైనది. భటులాయనను కట్టి రాజు నెదుట నిలిపిరి. ఆ రాజు విచారణ యనునది లేకయే దొంగలతోపాటు ఈయనకును మరణదండన విధించెను. భటులు కొనిపోయి శూలమున కెక్కించిరి. తపోబలముచేత ప్రాణములు పోలేదు. కొంతకాలమునకు సంగతి తెలిసి రాజు మంత్రులతో పరుగున వచ్చి, కాళ్ళపైబడి, శూలము నూడబెరుక యత్నించి, అది రాక, తుదకు మొదట నరికించెను. లోపలి ముక్క లోపలనే నిలిచినది. దానిని మేన ధరించియే తిరిగినాడు గనుక లోకమాయనను అణిమాండవ్యుడన్నది.

పూర్వకర్మఫల మెవ్వరికిని తప్పదని చెప్పుటకు ఈ కథను మన పౌరాణికులు దృష్టాంతముగా చూపుదురు. నా మనస్సునకు పట్టినది దాని తరువాతి ఘట్టము. మాండవ్యుడు రాజును ఏమియు అనక, తిన్నగా యమధర్మరాజు కొలువునకే పోయి, నేనేమి చేసితినని నాకీ శిక్ష యని నిలదీసినాడు. చిన్నతనమున నీవు పురుగుల తోకలలో గడ్డిపోచలు గ్రుచ్చితివని ధర్ముడు చెప్పగా, అంతటి అల్పదోషమునకు ఇంతటి దండమా, ధర్మాధర్మములెఱుగని వయస్సున చేసినదానికా యని కోపించి, పదునాలుగేండ్లు నిండువఱకు బాలుర చేతలకు పాపమంటదని కట్టడి చేసి, ధర్ముని మర్త్యలోకమున పుట్టుమని శపించినాడు. ఆ ధర్ముడే దాసికి పుట్టిన విదురుడు. దాసీగర్భమున జన్మించుటను శిక్షగా ఎంచిన నాటి సంఘపు బుద్ధిని నేను అంగీకరింపను. కాని దండధరులందఱిలో మొదటివాడైన యముడు సైతము, నీవు ప్రయోగించిన దండము న్యాయమా యని అడిగినవానికి సమాధానము చెప్పవలసినవాడే యనియు, సమాధానము చాలనిచో ఫలమనుభవింపవలసినవాడే యనియు ఇంత నిర్భయముగా చెప్పిన కథ మఱియొకటి నేనెఱుగను.

ఈ కథ నాకు మరల మరల తలపునకు వచ్చుటకు కారణము మన తెలుగునేలపై జరిగిన ఒక సంఘటన. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు శివారున శంషాబాదు సమీపమున, తొండుపల్లి టోల్‌గేటు దగ్గర, ఒక యువ పశువైద్యురాలిపై నలుగురు చేసిరన్న ఘోరము దేశమునంతటిని కదల్చినది. షాద్‌నగరు దాపున చటాన్‌పల్లి వంతెన క్రింద ఆమె దేహము కాలి దొరకినది. పట్టువడిన నలుగురను పోలీసులు డిసెంబరు 6వ తేదీ తెల్లవాఱకమునుపు అదే చటాన్‌పల్లికి తీసికొనిపోగా, ఆ నలుగురును అచ్చటనే తుపాకిగుండ్లకు చచ్చిరి. నిందితులు తమ పిస్తోళ్ళు లాగికొని తమపై కాల్చుటచేత ఆత్మరక్షణకు ఎదురుకాల్పులు జరిపితిమని పోలీసులు చెప్పిరి. తెల్లవాఱుసరికి జనము మూగి, వంతెనపైనుండి పోలీసులపై పూలు చల్లిరి; మిఠాయిలు పంచుకొనిరి; స్త్రీలు కొందఱు పోలీసుల చేతులకు రాఖీలు కట్టిరి.

ఆ రాఖీలు కట్టిన స్త్రీలను నేను నిందింపను. ఇంటినుండి వెడలిన కూతురు చీకటిపడకముందే తిరిగివచ్చునో రాదోయని ప్రతిదినము వాకిటవైపు చూచు తల్లికి, ఆ నాలుగు శవములు ఒక విధమైన ఊఱట నిచ్చెననుటలో ఆశ్చర్యము లేదు. కాని ఆ ఊఱటను పోలీసులయందలి విశ్వాసమని పిలుచుట పొరపాటు. విశ్వాసము పరీక్షకు నిలువవలసినది నవంబరు 27వ తేదీ రాత్రి. బిడ్డ కనబడుటలేదని ఆ కుటుంబము పోలీసు స్టేషనుకు పోయినపుడు, ఇది మా పరిధి కాదని మఱియొక స్టేషనుకు పంపిరన్న ఆరోపణ ఆనాడే దేశమంతట మాఱుమ్రోగినది. కేసు నమోదులో జాప్యము చేసిరని ఒక ఎస్సైని, ఇద్దఱు హెడ్ కానిస్టేబుళ్ళను పై అధికారులే సస్పెండు చేసిరి. ఆ రాత్రి అక్కఱకు వచ్చియుండవలసిన రక్షకభటుడు, ఎవ్వరిని రక్షించుటకును వీలులేని తొమ్మిదవ దినమున తుపాకితో ప్రత్యక్షమైనాడు. జనము పూలతో కప్పినది ఆ మొదటి రాత్రి వైఫల్యమును.

సుప్రీంకోర్టు డిసెంబరు 12వ తేదీన జస్టిస్ వి. ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల విచారణసంఘమును నియమించెను. 2022లో బయటికి వచ్చిన ఆ సంఘపు నివేదిక పోలీసులు చెప్పిన కథను విశ్వసింపలేదు: ఆయుధములు లాగికొనిరనుట నమ్మదగినది కాదనియు, చంపవలయునను ఉద్దేశముతోనే కాల్చిరనియు, పదిమంది పోలీసులను హత్యానేరమునకు విచారింపవలయుననియు చెప్పినది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు నేరము జరిగిననాటికి పదునెనిమిదేండ్లు నిండనివారని కూడ తేల్చినది. మాండవ్యుడు గీచిన గీత పదునాలుగేండ్లు. నేటి చట్టము గీచినది పదునెనిమిది. ఘోరనేరములందు పదునాఱు దాటినవారిని పెద్దవారివలె విచారించుటకు చట్టమే ఒక త్రోవ యుంచినది. అయినను ఆ వయస్సెంతయని అడుగుటకైన ఒక పూట కావలెను గదా. చటాన్‌పల్లిలో ఆ పూట ఎవ్వరికిని దక్కలేదు.

దక్కనిది నిందితులకు మాత్రమే కాదు. నన్ను అన్నింటికంటె ఎక్కువగా బాధించు విషయమిది: ఆ వైద్యురాలి కేసు ఏ న్యాయస్థానమునను విచారణకు రాలేదు. ఆమెకేమి జరిగెనో, ఎవ్వరు ఏమి చేసిరో, సాక్ష్యములు పరీక్షించి, ఎదురుప్రశ్నలకు నిలిపి, ఇది సత్యమని ఒక న్యాయమూర్తి వ్రాసిన పంక్తి ఒక్కటియు లోకములో లేదు. నిందితులు దోషులే కావచ్చును. అధికసంఖ్యాకులు అట్లే నమ్ముచున్నారు. కాని ఆ నమ్మకమునకు ఆధారము, అబద్ధమాడిరని విచారణసంఘము చెప్పిన ఆ పోలీసుశాఖ మాటయే. తన బాధకు సత్యమను ముద్ర వేయించుకొను హక్కు మృతురాలికి లేదా? ఆ హక్కును కాల్చినది ఆ ఉదయపు తుపాకియే.

పోలీసులు పట్టుకొన్నవాడు దోషియే యను ధీమా ఎంతటి ప్రమాదకరమో తెలియుటకు పురాణములదాక పోనక్కఱలేదు. 2007 డిసెంబరులో విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గుఱియైనది. ఆనాడును ప్రజాగ్రహము పొంగినది. ఆనాడును త్వరగా ఎవ్వనినైన చూపవలసిన ఒత్తిడి పోలీసులపై పడినది. 2008లో ఒక పేద యువకుని తెచ్చి ఇతడే హంతకుడనిరి. 2010లో క్రింది కోర్టు శిక్ష విధించెను. 2017 మార్చిలో హైకోర్టు ఆతనిని నిర్దోషియని విడుదల చేసి, నష్టపరిహార మిమ్మని, దర్యాప్తు చేసిన అధికారులపై చర్య తీసికొమ్మని ఆదేశించెను. ఎనిమిదేండ్లకు పైగా చెఱసాలలో గడపినవానికి ఆ తీర్పు ఏమి తిరిగి ఇచ్చినదో నేను చెప్పలేను. మాండవ్యుని మేనిలోని శూలము ముక్కవంటిది ఆతని మేనిలోను మిగిలియే యుండును. కాని మాండవ్యుడు బ్రతికియుండెను గనుకనే రాజు వచ్చి కాళ్ళపై బడగలిగెను. ఈతడు బ్రతికియుండెను గనుకనే హైకోర్టు తప్పు దిద్దగలిగెను. నాడు జనము కోరినట్లు ఏదో ఒక చెఱువుగట్టున ఎదురుకాల్పులు జరిగియున్నచో, నేటికిని మనము ఆ పోలీసులను కొనియాడుచునే యుందుము.

న్యాయస్థానములకు ఏండ్లు పట్టును, అంతవఱకు తల్లిదండ్రులెట్లు ఓర్చెదరని అడుగువారి మాటలో సత్యము లేకపోలేదు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన దారుణమునకు ఉరిశిక్ష అమలైనది 2020 మార్చిలో. ఈ ఆలస్యమును సమర్థింపగలవాడెవడును లేడు. కాని అదే 2019 నవంబరులో, అదే తెలంగాణలో, ఆసిఫాబాదు జిల్లాలో, ఊరూర తిరిగి చిల్లర వస్తువులమ్ముకొని బ్రతుకు ఒక పేద ఇల్లాలిని అత్యాచారము చేసి చంపిరి. ఆమెకై రాజధానిలో కొవ్వొత్తులు అంతగా వెలుగలేదు. ఆదిలాబాదులో ప్రత్యేక న్యాయస్థానము సాక్షులను విచారించి, 2020 జనవరి 30వ తేదీన ముగ్గురు నిందితులను దోషులని తేల్చి మరణశిక్ష విధించినది. మరణశిక్షపై నా అభిప్రాయము వేఱు. ఆ చర్చ ఇచ్చట అనవసరము. రెండునెలలకు కొంచె మించిన కాలములో విచారణ ముగియగలదని, అదియును పలుకుబడి లేని స్త్రీ కేసులో ముగియగలదని, ఆ తీర్పు రుజువు చేసినది. సంకల్పించినచో త్వరగా నడవగల న్యాయమును మనము వదలి, త్వరితమరణమునకు జేజేలు పలికితిమి.

పోలీసు బ్రతుకునకు ప్రమాదము లేదని నేననను. 1993 జనవరిలో హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియములో వ్యాయామము చేయుచున్న వ్యాస్ గారిని, గ్రేహౌండ్స్ దళమును తీర్చిదిద్దిన అధికారిని, నక్సలైట్లు కాల్చి చంపిరి. అడవులలో మందుపాతరలకు తునకలైన కానిస్టేబుళ్ళ పేర్లు వారి ఊళ్ళవారికి తప్ప ఎవ్వరికిని గుర్తులేవు. ప్రాణాపాయము నిజముగా ముంచుకొని వచ్చినపుడు, మఱొక ప్రాణమును కాపాడవలసి వచ్చినపుడు, పోలీసు ఆయుధము పేల్చుటను ధర్మశాస్త్రమును తప్పుపట్టదు, నేటి చట్టమును తప్పుపట్టదు. అడుగవలసినది ఒక్కటే: ఆ క్షణము నిజముగా వచ్చినదా? ఆ ప్రశ్నకు కాల్చినవాని మాటయే తుది సమాధానము కారాదు. ధర్మము తప్పిన రాజును ఆ దండమే బంధుసహితముగ నశింపజేయునని మనుస్మృతి సప్తమాధ్యాయము హెచ్చరించినది. అది దండధరునికి చేసిన హెచ్చరిక, దండితునికి చేసినది కాదు.

ఇందు తెలుగువారికి గర్వకారణమైనదియును కలదు. ఈ ప్రశ్నను దేశములో అందఱికంటె పట్టుదలతో అడిగినది మన పౌరహక్కుల ఉద్యమము, కన్నబిరాన్ గారివంటి న్యాయవాదులు, బాలగోపాల్ గారివంటి ఆచార్యులు. బాలగోపాల్ గారు రాజ్యహింసను ప్రశ్నించిన నోటితోనే విప్లవకారుల హింసను ప్రశ్నించిరి. అందుచే ఇరుపక్షములకును అప్రియులైరి. ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన ఫిర్యాదులపైననే జాతీయ మానవహక్కుల కమిషన్, జస్టిస్ వెంకటాచలయ్యగారి అధ్యక్షతన, 1997 మార్చిలో ముఖ్యమంత్రులందఱికి ఎదురుకాల్పుల మరణములపై పాటింపవలసిన పద్ధతులు వ్రాసి పంపినది. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పోలీసు కాల్పులలో మనిషి చనిపోయిన ప్రతిసారియు హత్యకేసు నమోదు కావలయుననియు, ఆత్మరక్షణ యనునది విచారణలో నిరూపించుకొనవలసిన వాదమనియు తీర్పు చెప్పెను. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపినను, 2014 సెప్టెంబరులో తానే స్వతంత్రదర్యాప్తును తప్పనిసరి చేసి, సంఘటన జరిగిన వెంటనే పదోన్నతులును శౌర్యపతకములును ఈయరాదని శాసించెను. చటాన్‌పల్లికి ఈ శాసనములన్నియు ముందువే. కాగితము నిండుగా ఉన్నది. కొఱవడినది అడుగు గొంతు. జనమే పూలు చల్లుచున్నపుడు అడుగువాడు ద్రోహివలె కనబడును. 2008 డిసెంబరులో వరంగల్లున, ఇద్దఱు ఇంజనీరింగు విద్యార్థినులపై ఆమ్లము పోసిరన్న ముగ్గురు యువకులు ఇట్లే చనిపోయినపుడు ఇట్లే పూలమాలలు వేసితిమి. ఆ మాలలకు లెక్క అడిగినవారు లేకపోబట్టియే, పదునొకండేండ్లకు చటాన్‌పల్లి వచ్చినది.

శాపగ్రస్తుడైన ధర్ముడు విదురుడైన పిదప ఏమయ్యెనో భారతము చదివినవారు ఎఱుగుదురు. అధికారము లేదు, సేన లేదు, సింహాసనము దరిచేరు హక్కు లేదు. అయినను నిద్రపట్టని రాత్రి ధృతరాష్ట్రుడు పిలిపించుకొన్నది విదురునే, కొడుకులు అడవులకు పోయినపుడు కుంతి తలదాచుకొన్నది విదురుని ఇంటనే. ఇరుపక్షములవారును నమ్మిన మనిషి ఆ కౌరవసభలో మఱియొకడు లేడు. శూలమున కెక్కించు శక్తి యున్నపుడు ధర్ముని జూచి అందఱును భయపడిరి. ప్రశ్నకు తలవంచి వచ్చిన పిదప ఆయనను నమ్మిరి. పోలీసుశాఖపై ప్రజావిశ్వాసమును గూర్చి వేయి ఉపన్యాసములు వినినను నాకు దొరకని సమాధానము వ్యాసుని ఈ కల్పనలో దొరకినది. భయమును తుపాకి పుట్టింపగలదు. నమ్మకమును పుట్టించునది, నేను చేసినదానిని పరీక్షింపుడని ముందునకు వచ్చి నిలుచు అధికారియే.

సిర్పుర్కర్ నివేదికను సుప్రీంకోర్టు 2022 మే నెలలో తెలంగాణ హైకోర్టుకు పంపినది. ఆ పదిమందిలో పై యధికారులే కాక క్రింది హోదావారును కలరు. వారు నిర్దోషులైనచో ఆ మాట న్యాయస్థానముననే నిలువవలయును, అది వారి హక్కు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు రాష్ట్రమునకును ప్రతి జిల్లాకును పోలీసులపై ఫిర్యాదులు విచారించు ప్రాధికారసంస్థ నెలకొల్పుడని ఆదేశించినది. ఉభయ తెలుగురాష్ట్రముల చదువరులను నేను వేడుకొనునది ఒక్కటి: ఆ సంస్థ జీవోలలో గాక, ప్రతి జిల్లాకేంద్రమునను, తలుపు తెఱచుకొని, దర్యాప్తునకు తన సొంత సిబ్బందితో, పరిధి మాది కాదని త్రిప్పిపంపబడిన తల్లియు, కొడుకు శవము ముందర కూర్చున్న తల్లియు ఒకే గడప ఎక్కగలుగునట్లు ఉండవలెనని మీమీ శాసనసభ్యులను అడుగుడు.