తప్పిపోయిన టీకా కూడా ఒక రుణమే



కొన్ని నెలల క్రితం సోమాజిగూడలో జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మసీదు మెట్ల దగ్గర నన్ను ఆపాడు. ఎం.ఎస్. మక్తాలో ఉంటాడు, ఆటో నడుపుతాడు. "మౌలానా సాబ్! మా పాపకు నాలుగేళ్లు. తట్టు టీకా మొదటిది వేయించాం. రెండోదాని సమయానికి మా అమ్మీ జబ్బు పడితే ఊరికి వెళ్లిపోయాం. కార్డు కూడా పోయింది. ఇప్పుడు వెళితే నలుగురిలో తిడతారేమోనని మా ఇంటావిడ భయపడుతోంది. ఇంత ఆలస్యమయ్యాక లాభం ఉంటుందా?" అని అడిగాడు.

పంజాగుట్ట నుండి సోమాజిగూడ దాకా ఎటు చూసినా పెద్ద ఆసుపత్రులే. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ టీకా ఉచితం. అయినా ఆ తల్లిని సిగ్గు గడప దాటనివ్వలేదు.

"భాయ్! నిద్రలో ఫజ్ర్ నమాజు తప్పిపోతే ఏం చేస్తారు?" అని అడిగాను. "లేవగానే ఖజా చేస్తాను" అన్నాడు. "ఎలాగూ వేళ దాటింది కదా అని వదిలేయరా?" అంటే తల అడ్డంగా ఊపాడు.

టీకా నమాజు వంటి ఆరాధన అని నా ఉద్దేశం కాదు. పోలిక ఒక్క విషయంలోనే. నిద్రపోయినవాడిపైనా, మరచినవాడిపైనా దోషం లేదని, గుర్తొచ్చిన వెంటనే నమాజు చేయాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) బోధించారు. అంటే తప్పు ఎవరిదన్నది ఒక ప్రశ్న, బాధ్యత మిగిలి ఉందా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి "నా తప్పు లేదు" అన్న జవాబు వచ్చినా, రెండోది అలాగే ఉంటుంది.

పైగా ఇది దాసుల హక్కు. ఇతరుల హక్కు విషయంలో కేవలం తౌబా చాలదు, హక్కును తిరిగి అప్పగించాలని ఉలమాలు చెబుతారు. ఇక్కడ హక్కుదారు ఎవరు? నోరు తెరిచి అడగలేని పసిబిడ్డ.

తట్టును (ఖస్రా) చిన్న జబ్బుగా తీసుకోకూడదు. అబూబక్ర్ రాజీ పదో శతాబ్దం నాటికే మశూచిని, తట్టును వేరుపరిచి గ్రంథం రాశారు. రోగి వెళ్లిపోయిన గదిలో కూడా ఈ క్రిమి రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. న్యుమోనియా, మెదడు వాపు, అంధత్వం, ఒక్కోసారి మరణం కూడా దీనివల్ల సంభవిస్తాయి.

మన దేశంలో మొదటి మోతాదు 9 నెలలు నిండాక, రెండోది 16-24 నెలల మధ్య వేస్తారు. 9 నెలలు నిండని పొరుగింటి పసికందుకు రక్షణ ఏది? చుట్టూ ఉన్న పిల్లలు టీకా పొంది ఉండటమే. మన ఆలస్యం వల్ల ఆ బిడ్డకు హాని కలిగితే పొరుగువారి హక్కు ఏమైనట్లు? కోవిడ్ కాలంలో ఎందరో పిల్లలకు టీకాలు తప్పాయి. 2022లో ముంబయిలోని గోవండీ ప్రాంతంలో తట్టు ప్రబలి పసిపిల్లలు మరణించారు.

"తఖ్దీర్‌లో ఉన్నది జరగక మానదు కదా" అని కొందరంటారు. ప్లేగు ఉన్న ప్రాంతంలోకి వెళ్లకుండా వెనుదిరిగిన హజ్రత్ ఉమర్ (రజి)ను ఇదే అడిగారు. ఒక దైవనిర్ణయం నుండి మరో దైవనిర్ణయం వైపే వెళుతున్నామని ఆయన సమాధానమిచ్చారు.

టీకాలోని పదార్థాలు హలాలా అన్న సందేహం న్యాయమైనదే. ఇండోనేషియా ఉలమా మండలి 2018లో ఈ ప్రశ్ననే పరిశీలించింది. అక్కడ వాడుతున్న తట్టు-రుబెల్లా టీకా తయారీలో పంది నుండి తీసిన పదార్థం ఉపయోగించారని గుర్తించి, దాన్ని హరామే అంది. అయినా హలాల్ టీకా దొరకనందున, ప్రాణాపాయం ఉన్నందున అవసరం (జరూరత్) కింద వాడుకకు అనుమతిచ్చింది. సందేహం ఉన్నవారు ఆలిమ్‌ను, వైద్యుణ్ణి ఇద్దరినీ అడగాలి. అడగకుండా ఏళ్లు గడపడం జాగ్రత్త అనిపించుకోదు.

ఇక ఆ సోదరుని ప్రశ్నకు జవాబు: లాభం ఉంది. మొదటి మోతాదు వృథా కాదు, మళ్లీ మొదటి నుండి ప్రారంభించనవసరం లేదు. తప్పినది వేయిస్తే చాలు. రెండూ తప్పినవారికి కనీసం నాలుగు వారాల ఎడంతో రెండూ వేస్తారు. కార్డు పోయి, వేశారో లేదో తెలియకపోతే మళ్లీ వేయించినా హాని లేదు. ఐదేళ్లు దాటిన పిల్లల గురించి వైద్యుణ్ణి అడగండి. మామూలు జలుబు అడ్డంకి కాదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లల విషయంలో మాత్రం వైద్యుని సలహా తప్పనిసరి. మీ వీధి ఆశా కార్యకర్తను గానీ, అంగన్‌వాడీ టీచరును గానీ అడిగితే టీకా వేసే రోజు చెబుతారు.

చివరగా మనందరికీ ఒక మాట. ఆలస్యంగా వచ్చిన తల్లిని నిందించకండి. ఖజా నమాజుకు నిలబడ్డవాడిని చూసి ఎవరైనా నవ్వుతారా? నిందకు భయపడినవారు తప్పును సరిదిద్దుకోవడం మాని దాచుకుంటారు. ఆ దాపరికం మూల్యం బిడ్డ చెల్లిస్తుంది.

మరుసటి జుమాకు ఆ సోదరుడు కొత్త కార్డు చూపించాడు. అల్హందులిల్లాహ్! మనకు అమానతుగా అప్పగించిన పిల్లల హక్కులను నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.