ఒకే బల్లయొద్ద మత్తయియు సీమోనును

లూకా సువార్త ఆరవ అధ్యాయములో ప్రభువు ఏర్పరచుకొనిన పండ్రెండుమంది పేర్లున్నవి. మనము సాధారణముగా ఆ పేర్లను త్వరగా చదివి దాటిపోవుదుము. అందులో మత్తయి యున్నాడు. సుంకపు మెట్టునొద్ద కూర్చుండి పాలకుల పక్షమున పన్ను వసూలు చేసినవాడు. జెలోతే అనబడిన సీమోనును ఉన్నాడు. ఆ పేరు పరదేశ ప్రభుత్వమును సహింపనివారిని జ్ఞాపకము చేయును. ఈ యిరువురును ఒకే బల్లయొద్ద భుజించిరి. రొట్టె అందించుకొనునప్పుడు ఏమి మాటలాడుకొనిరో!

మన గోదావరిఖని, రామగుండము ఇండ్లలో ఇట్టి బల్లలు లేకపోలేదు. తండ్రి బొగ్గుబాయిలో ఎర్రజెండా సంఘమువాడు. కుమారుడు కాలేజీనుండి మరియొక జెండాతో సెలవులకు వచ్చును. కుమార్తె మూడవదాని పక్షమున వాదించును. తల్లి భయపడును. ఆ భయము ఊరకనే వచ్చినది కాదు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విశ్వవిద్యాలయములో విద్యార్థి నాయకుడైన జార్జిరెడ్డి హత్య చేయబడెను. అతనికి ఇరువదియైదేండ్లు. తరువాతి సంవత్సరములలో అతనిని వ్యతిరేకించిన పక్షపు విద్యార్థులును చంపబడిరి. 1978 నాటి జగిత్యాల రైతుకూలీ పోరాటము తరువాత మన ప్రాంతపు పిల్లలు కొందరు చదువు విడిచి అడవికి పోయిరి. అందరును తిరిగి రాలేదు.

అందుచేత కొందరు పెద్దలు, కాలేజీకి పోయినవాడు పుస్తకము తప్ప మరేమియు ముట్టరాదందురు. మేము ఏకీభవింపము. నీ అభిప్రాయమును గుమ్మమునొద్ద విడిచి రమ్మని ప్రభువు సీమోనుతో చెప్పినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. కాని ఆయనను పట్టుకొనవచ్చిన రాత్రి పేతురు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుని చెవి నరికినప్పుడు ప్రభువు ఊరకుండలేదు; ఆ చెవి ముట్టి బాగుచేసెను. బాగుపడినవాడు ఎదుటి పక్షమువాడే.

సింగరేణిలో 1998 నుండి కార్మికులు రహస్య ఓటుతో గుర్తింపు సంఘమును ఎన్నుకొనుచున్నారు. రాష్ట్ర కాలేజీలలోనైతే 1980ల చివర విద్యార్థి ఎన్నికలు ఆపివేయబడినవి. ఓటు లేనిచోట అరుపు పెరుగుట వింత కాదని మా తలంపు. గేటు మీటింగులో ఎంత తిట్టుకొనినను, బాయిలోనికి దిగిన తరువాత పైకప్పు చప్పుడైనయెడల, ప్రక్కవాని సంఘమేదో అడిగి చేయిపట్టి లాగువాడెవడు? తండ్రులారా, ఇది మీకు తెలిసినదే, పిల్లలకు చెప్పుడి.

ఈ సెలవులలో వారు ఇంటికి వచ్చినప్పుడు దేనికొరకు నిలువబడుచున్నారో అడుగుడి. స్కాలర్‌షిప్పు కొరకా, హాస్టలు అన్నము కొరకా, ఉద్యోగము కొరకా? జవాబు మీకు నచ్చకపోవచ్చును. అయినను మరికొంచెము కూర వడ్డించి, వారిని చివరివరకు చెప్పనియ్యుడి.