శ్రమ, భృతి, అర్హత

క్రీస్తు శకం 200 ప్రాంతంలో సంకలనమైన మిష్నా, అంటే యూదు ధర్మశాస్త్రానికి ఆధారమైన గ్రంథం, పొలం అంచున కోయకుండా పేదలకు విడిచిపెట్టవలసిన పంటను ఎవరు తీసుకోవచ్చునో చెప్పడానికి ఒక లెక్క చూపుతుంది. జూజ్ అనే వెండి నాణేలు 200 ఉన్నవాడు దాన్ని ముట్టకూడదు. ఒక్కటి తక్కువైతే మాత్రం వెయ్యిమంది ఒకేసారి ఇచ్చినా పుచ్చుకోవచ్చు. అంతేకాదు, ఉన్నవి 50 నాణేలే అయినా వాటితో వ్యాపారం చేసుకునేవాడు అనర్హుడు. లేని వైకల్యాన్ని నటించేవాణ్ణి గర్హించిన ఆ గ్రంథమే అవసరమున్నా చెయ్యి చాపనివాణ్ణి మెచ్చుకుంటుంది. ఈ మెప్పు నిజంగా అవసరమున్నవారిని సిగ్గుపడేలా చేయగలదు.

అమెరికాలో 1974లో మొదలైన ఎస్‌ఎస్‌ఐ, అంటే ఆదాయం, ఆస్తి అంతంతమాత్రంగా ఉన్న వృద్ధులకూ వికలాంగులకూ నెలనెలా అందే భృతి, శ్రమ విషయంలో మిష్నా లెక్క కంటే కొంత ఉదారమైనదే: సంపాదనలో నెలకు మొదటి 65 డాలర్లను విడిచిపెట్టి, ఆపైన ప్రతి రెండు డాలర్లకు ఒకటి చొప్పున తగ్గిస్తుంది. అయితే, ఉంటున్న ఇల్లు, ఒక వాహనం వంటివి మినహాయిస్తే, ఒంటరి వ్యక్తికి ఆస్తి పరిమితి 1989 నుంచి 2,000 డాలర్ల దగ్గరే ఆగిపోయినందువల్ల, సంపాదించమన్న చట్టమే కూడబెట్టవద్దంటోంది.

అసలు ప్రశ్న, భృతి పేదరికానికి ఉపశమనమా, లేక వైకల్యం మోపే అదనపు భారానికి పరిహారమా అన్నది. మొదటిదైతే జీతంతో పాటు హక్కు తగ్గడం సబబే. రెండోదైతే ఉద్యోగం దొరికినా ఆ భారం పోదు. పనికి వెళ్లడానికి అవసరమై సొంతంగా భరించే చక్రాల కుర్చీ ఖర్చు వంటివాటిని సంపాదన లెక్కలోంచి తీసివేసే నిబంధన ద్వారా, అమెరికా చట్టం ఈ రెండో అర్థాన్ని కొంతమేరకు అంగీకరించింది.