పర్సన్ అను పదము

ఇటలీ దేశమున తర్క్వీనియా యొద్ద క్రీస్తుపూర్వము 6వ శతాబ్దినాటి ఎట్రస్కనుల భూగర్భసమాధి యొకటి కలదు. దాని గోడపై చిత్రితమైన ఘోరదృశ్యమున, గడ్డముగల కృత్రిమముఖము తొడిగికొన్న యొకడు పొడవైన త్రాడు చేతబట్టి, తలకు సంచి కట్టబడి కన్ను గానక దుడ్డుకఱ్ఱ విసరుచున్న మఱియొకనిపైకి కుక్కను ఉసికొల్పుచుండగా, వాని మేన కాటుకాటునకు నెత్తురు చిమ్ముచుండును. ఆ కృత్రిమముఖుని ప్రక్కన వ్రాయబడిన పదము 'ఫెర్సు'. నటుడు ధరించు ముఖమునకు రోమనులు పెట్టుకొన్న 'పెర్సోనా' అను పేరు దీనినుండియే పుట్టినదని పలువురు పండితులు తలంతురు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చి 'పర్సన్' అయినది. నటుని కంఠస్వరము దానిగుండా మాఱుమ్రోగును గనుక ఆ పేరు వచ్చినదని ఆలస్ గెలియస్ ఉదాహరించిన ప్రాచీనవ్యుత్పత్తి వినుటకు సొంపైనదే గాని, అచ్చుల హ్రస్వదీర్ఘములు దానికి సమ్మతింపవు.

వెలుపలినుండి తొడుగబడునది మానవుని అంతరంగతత్త్వమునకు పేరెట్లయ్యెను? సిసెరో క్రీస్తుపూర్వము 44లో కర్తవ్యములను గూర్చి రచించిన గ్రంథమున, మనుష్యులందఱికిని సమానమైన వివేకమొకటి, ఎవరికి వారికి జన్మసిద్ధమైన స్వభావమొకటి, కాలవశమున ప్రాప్తించినది వేఱొకటి, తానై వరించినది మఱియొకటి యని ప్రతివాడును నాలుగు పాత్రలు ధరించుచున్నాడనెను. ఆతని దృష్టిలో వేషమన్నను ధర్మమన్నను ఒక్కటియే. పిమ్మట 3వ శతాబ్ది ప్రారంభమున కార్తేజి నివాసియైన తెర్తుల్లియన్, దైవద్రవ్యమొకటి, పెర్సోనాలు మూడు అని త్రిత్వమును నిరూపింపగా, గ్రీకు క్రైస్తవులకు సంశయము కలిగెను. వారి 'ప్రోసోపోన్' పదమునకు ముఖమనియు, నాటకపు తొడుగనియు రెండర్థములు కలవు గనుక, ఒకే దేవుడు మూడు వేషములు మార్చుచున్నాడను సబెల్లియస్ వాదమునకు అది దారి తీయునని భయపడి, బెసిల్ ప్రభృతులు సత్తాసూచకమైన 'హైపోస్టాసిస్' పదము నాశ్రయించిరి. దేవుని విషయమున సాగిన ఈ సూక్ష్మవివాదము మానవునికి మహోపకారము చేసినదని నా దృఢాభిప్రాయము. వేషమును తెలుపు పదము సత్యమును మోయగల బలము సంపాదించినది అప్పుడే. 6వ శతాబ్ది ప్రారంభమున బోయెథియస్ వివేకశీలమైన ప్రత్యేకసత్తయే పెర్సోనా యని లక్షణము చెప్పెను.

జాన్ లాక్ 1694లో తన గ్రంథము ద్వితీయముద్రణమునకు చేర్చిన ప్రకరణమున, తన్ను తానుగా ఎఱిగి, గతమును తనదిగా తలపోయు చైతన్యమే పర్సన్ అని నిర్ణయించెను. ఆధునికులలో పెక్కురు ఈ బాటనే నడచుచున్నారు, నేను నడువజాలను. వార్ధక్యమున స్మృతి సర్వము తుడిచిపెట్టుకొనిపోయి, కన్నకొడుకును "నీవెవరు బాబూ?" అని అడుగు తల్లి, లాక్ తర్కమును తుదిదాక సాగించినచో, నిన్నటి యామె కాకపోవలసినదే గదా! ఆమె చేతికి అన్నపుముద్ద అందించుచున్న కొడుకు ఈ సిద్ధాంతము నెన్నటికిని అంగీకరింపడు, అంగీకరింపనక్కఱలేదు. గ్రీకుల ప్రోసోపోన్ శబ్దమునకు మూలార్థము ఎదుటివారి కన్నులకు అభిముఖమైనది యని. తన ముఖము తనకు కానరాదు, ఇతరులకు కానవచ్చును. మనము వాడు 'వ్యక్తి' శబ్దమును ప్రకటమైనదనియే చెప్పును గాని, తన్ను తాను స్మరించునదని చెప్పదు.

రోమను న్యాయవేత్త గాయస్ 2వ శతాబ్దిలో బానిసను వ్యక్తుల ప్రకరణముననే చేర్చెను. అంగడిలో మాత్రము వాడు వస్తువువలె అమ్ముడుపోవుచునే యుండెను. కావున వ్యక్తి యను ఈ గౌరవము శాస్త్రలక్షణముచేత సిద్ధించునది కాదు, ఎదుట నిలిచినవారు ఇయ్యవలసినది. మన దేశమున హిందూ దేవతామూర్తి న్యాయదృష్టిలో వ్యక్తియేనని 1925లో ప్రీవీ కౌన్సిల్ ఒక కుటుంబవివాదమున తీర్పు చెప్పినప్పుడు, ఆ విగ్రహమునకు స్మృతి కలదా యని న్యాయమూర్తులు పరీక్షింపలేదు; తగవులాడుచున్న అర్చనాధికారులకు భిన్నముగా, ఆ మూర్తి ప్రయోజనమును నిష్పక్షపాతముగా విన్నవించు ప్రతినిధి యొకడుండవలెనని విధించిరి.