సరమ అడిగిన ప్రశ్న

త్రాడు లేని కుక్క పిలువగానే మరలివచ్చుట భయమువలన గాదు, విశ్వాసమువలననే కలుగును. తొలుత పొడవైన త్రాటితో విడిచి, ఒక్కమారే పిలిచి, వచ్చినంతనే ఇష్టమైన ముద్ద నొసగి, మరల ఆటకు విడువవలెను. పిలిచిన ప్రతిసారియు గొలుసే పడినచో అది యేల వచ్చును? ఆలస్యముగా వచ్చినదని కొందఱు గృహస్థులు కొట్టుదురు. మహాదోషము! పారిపోయినందులకు గాక, దగ్గఱకు వచ్చినందులకే ఆ దెబ్బయని అది గ్రహించును.

వ్యాసభారతము ఆదిపర్వమున, కురుక్షేత్రమందలి సత్రయాగమునకు వచ్చిన సారమేయుని జనమేజయుని సోదరులు కొట్టిరి. అది హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడనైన లేదు. తల్లియగు సరమ, దేవశుని, వచ్చి కారణ మడిగెను. ఒక్కరును బదులు పలుకలేదు. ఊహింపని భయము కలుగుగాక యని యామె శపించెను. జనమేజయుడంతటివాడు శాపశాంతికై పురోహితుని వెదకుచు శ్రుతశ్రవుని యాశ్రమమునకు పోవలసివచ్చెను.